సిరా చుక్క కోసం రోడ్డెక్కిన మలేసియా

ఓటేసి బయటికొచ్చి సిరా వేలు చూపిస్తూ ఫోటో దిగడం మనకు మామూలే. మలేసియాలో అదే సిరా కోసం జనం వానలో తడుస్తూ రాజమందిరానికి నడిచారు. 2007 నవంబర్ 10, కౌలాలంపూర్. నిజాయితీగా ఎన్నికలు జరగాలన్న ఈ ఉద్యమం పేరు బెర్సిహ్, మలయ్ భాషలో అంటే శుభ్రం. 2006 నవంబర్‌లో ప్రతిపక్ష పార్టీలు, పౌరసంఘాలు కలిసి మొదలుపెట్టాయి.

అప్పటి డిమాండ్లు నాలుగే: వేలికి చెరగని సిరా, దొంగ ఓట్లు ఏరేసిన ఓటర్ల జాబితా, సైనికుల, పోలీసుల పోస్టల్ ఓట్ల రద్దు, మీడియాలో అన్ని పార్టీలకూ చోటు. "ప్రజాస్వామ్యాన్ని కాపాడండి" అంటే ఏ అధికారీ బదులివ్వనక్కర్లేదు. "సిరా సీసాలు కొంటారా, కొనరా?" అంటే ఇవ్వాలి. నిజంగానే కొన్నారు. తీరా 2008 మార్చి 8 పోలింగ్‌కు నాలుగు రోజుల ముందు వాడబోమన్నారు.

2013 ఎన్నికల్లో మొదటిసారి వాడారు. చాలామందికి సబ్బుతో రుద్దితే పోయింది! అందులో రసాయనం లేదు, ఆహారంలో వాడే రంగే ఉందని తర్వాత పార్లమెంటులో మంత్రే చెప్పారు. అసలు సిరాను నిలబెట్టేది సిల్వర్ నైట్రేట్. చర్మం మీది ఉప్పుతో కలిసి, వెలుతురు తగిలాక నల్లబడుతుంది; పై చర్మం రాలి, గోరు పెరిగేదాకా వదలదు. అది లేకపోతే మిగిలేది గోరింటాకుపాటి కూడా నిలవని మరక.

ఇక ర్యాలీ నడిపిన తీరు. 2007లో నగరం నడిబొడ్డున ఉన్న మెర్దెకా మైదానాన్ని పోలీసులు మూసేస్తే, జనం మస్జిద్ జామెక్, సోగో దుకాణం, జాతీయ మసీదు, పసార్ సెని అనే బజారు దగ్గర విడివిడిగా గుమికూడి రాజమందిరం వైపు సాగారు. ఒకే చోటు పెట్టుకుంటే ఒక్క బారికేడ్‌తో పని అయిపోతుంది. నాలుగైతే ఒకచోట బాష్పవాయువు వదిలినా మిగతావాళ్లు చేరుకుంటారు. ఇబ్బందీ ఉంది: ఒక గుంపులో జరిగేది ఇంకో గుంపుకు తెలియదు.

2011 జూలై 9 నాటి రెండో ర్యాలీకి పార్టీలు వెనక్కి తగ్గాయి. న్యాయవాది అంబిగా శ్రీనివాసన్ నాయకత్వాన పౌరసంఘాలే ముందు నిలిచాయి. ఇది తెలివైన పనే, "కుర్చీ కోసం చేస్తున్నారు" అనే మాటకు పదును తగ్గింది. కానీ జనాన్ని బస్సుల్లో తెచ్చేది, ర్యాలీలో దారి చూపే వాలంటీర్లను దింపేది పార్టీలే. మలయ్ ముస్లింలలో బలమున్న పాస్ పార్టీకి చెందిన వాలంటీర్ దళం యూనిట్ అమల్ కుర్రాళ్లు ఆ పని చేసేవారు. 2015లో పాస్ తన వాళ్లను దింపలేదు. దాంతో ఆ ఏటి 34 గంటల ర్యాలీలో మలయ్ ముఖాలు పలచబడ్డాయి.

ప్రభుత్వాల తొందరపాటూ ఉద్యమానికి కలిసొచ్చింది. 2011లో ఉద్యమం రంగైన పసుపు చొక్కా వేసుకున్నా పట్టుకుంటామన్నారు. చొక్కా రంగుకే భయపడితే ఇక అంతకంటే ప్రచారం ఎవరు చేసిపెడతారు?

2012 ఏప్రిల్ 28 నాటి మూడో ర్యాలీలో మాత్రం లెక్క తప్పింది. కూర్చుని నిరసన అన్నారు, మెర్దెకా మైదానంలోకి వెళ్లొద్దని కోర్టు అంది. కొందరు కంచె దాటగానే బాష్పవాయువు, జలఫిరంగులు. అలాంటి చోట కంచెకూ జనానికీ మధ్య వాలంటీర్ల వరుస ఉండాలి, "అయిపోయింది, వెళ్లండి" అనే మాట చివరి వరుసదాకా వినపడే మైకులుండాలి. కళ్లు మండుతుంటే రుద్దకూడదు. గాలికి ఎదురుగా, పొగకు దూరంగా జరిగి, మంచినీళ్లతో కడగాలి. కాంటాక్ట్ లెన్సులు ఇంట్లోనే వదిలి రావాలి. బాష్పవాయువుకు విరుగుడని చాలామంది జేబులో ఉప్పు పెట్టుకొచ్చేవారు, దాన్ని నేను నమ్మను.

సిరా, జాబితా, పోస్టల్ ఓట్ల మీద ఎంతోకొంత కదలిక వచ్చింది. 2012లో పార్లమెంటు కమిటీ 22 సిఫార్సులిచ్చింది. అప్పట్లో కదలనిది ఓటర్లను అసమానంగా పంచే నియోజకవర్గాల సరిహద్దు. 2013లో అధికార కూటమికి దాదాపు 47 శాతం ఓట్లే, సీట్లు మాత్రం 222లో 133. కపార్‌లో 1,44,159 మంది ఓటర్లకు ఒక ఎంపీ, పుత్రజయలో 15,791 మందికి ఒక ఎంపీ.