సొర పళ్ళు: నాలుగో నెల

సొరచేపల శిలాజ పళ్ళను జాతులవారీగా వేరు చేస్తూ గత నెల రాసిన లేబుళ్ళలో పదకొండు ఈ వారం తీసేశాను. రెండు జాతులనుకుని వేరు చేసినవి ఒకే రకం సొర పై పళ్ళూ, కింది పళ్ళూ అని తేలింది.

ఈ 64 శిలాజ పళ్ళూ మా మేనల్లుడు ఫ్లోరిడాలోని వెనిస్ బీచ్‌లో ఏరి తెచ్చినవి. ఆ రాష్ట్రంలో వెన్నెముక ఉన్న జంతువుల శిలాజాలు ఏరడానికి పర్మిట్ తీసుకోవాలి గానీ, సొర పళ్ళకు అక్కర్లేదు. ఎక్కువ నల్లవి, కొన్ని బూడిద రంగువి. నలుపు ఎక్కువైతే పాతదని అనుకోకూడదు. ఏ మట్టిలో పూడిందో అందులోని ఖనిజాలే పన్నుకు రంగునిస్తాయి.

విశాఖ ఋషికొండలో దొరకవా అని అందరూ అడుగుతున్నారు. మన కొండల్లోని ఖొండలైట్ సొరలు పుట్టకముందే ఏర్పడిన రాయి. దాంట్లో వెతికి లాభం లేదు. ఒడిశాలో బరిపద దగ్గరి మయోసీన్ కాలపు (సుమారు 2.3 కోట్ల నుంచి 53 లక్షల ఏళ్ళ కిందటి) పొరల్లో మాత్రం ఉన్నాయి.

ఫొటోలు చూసి పోల్చడం మానేసి, బతికున్న సొరల పళ్ళు చూద్దామని తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళాను. తల మాత్రమే కావాలంటే చేపలమ్మే అక్క ఆశ్చర్యపోయింది. "ఇంట్లో బాలింత ఉందా బాబూ? పాలసొర పట్టుకెళ్ళు, తలకాయ దేనికి?" అంది. చివరికి కార్కరైనస్ అనే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) సొర తల ఒకటి ఇచ్చింది.

దాన్ని కుక్కర్లో ఉడికించడం పెద్ద తప్పు. సొరకి ఎముకలుండవు, దవడ కూడా మృదులాస్థే. మెత్తబడి విడిపోయింది, పళ్ళన్నీ కలిసిపోయాయి. ఏది పైదో ఏది కిందిదో తెలియకపోతే ఆ పళ్ళతో నా పని జరగదు. చాలా బాధేసింది.

రెండో తలకి పొయ్యి జోలికి పోలేదు. గ్లవుజులు వేసుకుని చిన్న కత్తితో మాంసం గీకి, మందుల షాపు హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో సగం నీళ్ళు కలిపి కాసేపు నానబెట్టి, నోరు తెరిచినట్టే ఉండేలా థర్మోకోల్ మీద గుండుసూదులు గుచ్చి ఆరబెట్టాను. మేడ మీద పెడితే కాకులు వదల్లేదు, పైన జల్లెడ బోర్లించాల్సి వచ్చింది. ఆరడానికి తొమ్మిది రోజులు పట్టింది.

ఆరిన దవడను భూతద్దంతో చూశాక నా తప్పు తెలిసింది. పై పళ్ళు వెడల్పుగా, త్రికోణంగా, రంపపు అంచుతో ఉన్నాయి. కింది పళ్ళు సన్నగా, నిటారుగా ఉన్నాయి. లోపలివైపు ఇంకా వాడని పళ్ళు వరసలు వరసలుగా పడుకుని ఉన్నాయి. రాలిన చోటికి వచ్చేవి అవే. జీవితంలో వేల పళ్ళు రాలుస్తుంది కాబట్టే సొరకి పళ్ళ శిలాజాలు అన్ని దొరుకుతాయి. 1666లో ఫ్లారెన్స్‌లో డెన్మార్క్ శాస్త్రవేత్త నికోలస్ స్టెనో కూడా సొర తల కోసి చూశాకే, జనం నాలుకరాళ్ళని పిలిచేవి సొర పళ్ళేనని వాదించాడు.

ఇప్పుడు పన్ను చేతికి రాగానే ముందు దాని వేరు భాగం చూస్తున్నాను. ఉబ్బుగా ఉన్నది నాలుకవైపు, చదునుగా ఉన్నది పెదవివైపు. ఆ తర్వాతే అంచు. టైగర్ షార్క్ పన్ను కోడిజుట్టులా పక్కకి వాలి, ఒకవైపు లోతైన నొక్కుతో ఉంటుంది. హెమిప్రిస్టిస్ అనే సొర పై పన్నుకి రంపం పెద్దగా ఉంటుంది గానీ మొన దాకా రాదు. శాండ్ టైగర్ షార్క్‌ది సన్నటి పొడుగు పన్ను, మొదలు దగ్గర చిన్న పక్కమొనలుంటాయి.

అరిగిపోయిన ఎనిమిదింటిని వేరే డబ్బాలో పెట్టాను, వాటికి పేరు పెట్టలేదు. మన సముద్రపు తేమకి కాగితం లేబుళ్ళు బూజు పడుతున్నాయి, అందుకని డబ్బాకో సిలికా జెల్ పొట్లం వేసి, నంబర్లు పెన్సిల్‌తో రాస్తున్నాను.