ముందు బోర్లించి చూడండి

పాత బార్ గ్లాసు కనిపిస్తే ఎవరి చూపైనా ముందు బంగారు పూత మీదకే పోతుంది. నేను మాత్రం ముందు బోర్లించి అడుగు చూస్తాను. ఏళ్ల తరబడి బల్లల మీద తిరిగిన గ్లాసుకి కింద ఆనే చోట సన్నటి గీతలు పడతాయి. అడ్డదిడ్డంగా, ఒకటి లోతుగా, ఇంకోటి పైపైన. అవన్నీ ఒకే వైపుకి, ఒకే లోతులో ఉంటే పాతదానిలా కనిపించాలని ఎవరో గరుకు కాగితంతో రుద్దారేమోనని నాకు అనుమానం.

కంపెనీ గుర్తులు కూడా ఎక్కువగా అక్కడే. లంగరు మీద హెచ్ ఉంటే యాంకర్ హాకింగ్, డాలులో ఎఫ్ ఉంటే ఫెడరల్, వంకీ తిరిగిన ఎల్ ఉంటే లిబ్బీ. ఇవన్నీ అమెరికా కంపెనీలే. 1933 డిసెంబరులో అక్కడ మద్యనిషేధం ఎత్తేశాక ఇళ్లలో కాక్‌టెయిల్ సెట్లకి గిరాకీ పెరిగింది.

గుర్తు లేనంత మాత్రాన నకిలీ అనుకోకండి. అమెరికా గ్లాసుల డిజైనర్ డొరొతీ థోర్ప్ విషయంలో మాత్రం నేను చాలా గట్టిగా ఉంటాను. వెడల్పాటి వెండి అంచున్న గుండ్రటి గ్లాసు కనిపిస్తే చాలు, ఆమెదేనని చెప్పి అమ్మేస్తుంటారు. సంతకం లేకపోతే గ్లాసు నచ్చితేనే కొంటాను, పేరుకి మాత్రం పైసా ఎక్కువ ఇవ్వను.

నాకు ప్రాణం కల్వర్ కంపెనీ వాలెన్సియా డిజైన్. ఆకుపచ్చ డైమండ్ ఆకారాలు, వాటి చుట్టూ 22 క్యారెట్ల బంగారు అల్లిక. కళ్లు మూసుకుని వేలితో తడిమినా తెలుస్తుంది, బంగారం గాజు మీద కాస్త ఉబ్బెత్తుగా, గరుకుగా తగులుతుంది. వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే ఆ పచ్చదనం గుండా కాంతి దూసుకొస్తుంది, బంగారం మాత్రం నల్లటి నీడలా నిలబడుతుంది. పక్కన, కింది అంచుకి దగ్గరగా బంగారంతోనే కల్వర్ అన్న సంతకం ఉంటుంది. తొలినాళ్ల వాటికి అది కూడా ఉండదు.

ఇవి నా దగ్గర ఆరుండేవి. ఇంటికొచ్చిన చుట్టం ఒకరు సాయం చేద్దామని ఒకదాన్ని డిష్‌వాషర్‌లో పెట్టేశారు. బయటికి తీసేసరికి అల్లిక సగానికి సగం పోయింది, సంతకంలో రెండక్షరాలే మిగిలాయి. ఆ రోజు ఏమీ అనలేకపోయాను గానీ చాలా బాధపడ్డాను. అందుకే చెప్తున్నా, పూత ఉన్న గ్లాసుల్ని గోరువెచ్చని నీళ్లు, మెత్తటి గుడ్డతో చేత్తోనే కడగండి. పీచు వద్దు. నానబెట్టడం అసలే వద్దు. పాత రంగుల్లో సీసం, కాడ్మియం లాంటి విషపు లోహాలు ఉండే అవకాశం ఉంది కాబట్టి పెదవి తగిలే చోట రంగు వేసిన వాటితో నేనైతే తాగను, అలమరాలో పెట్టి చూసుకుంటానంతే.

ఆరోదాని కోసం ఇంకా వెతుకుతున్నా. పోయిన వారం ఒకటి దొరికింది, సంతకం కూడా చెక్కుచెదరలేదు. తీరా చూస్తే అది పొడుగు గ్లాసు, నావి పొట్టివి. అయినా వదల్లేక తెచ్చేసుకున్నా.