సుత్తి పట్టుకున్న ఇంజనీరు

కెనడాలో బ్రిడ్జి ఇంజనీర్నని చెబితే బెజవాడలో ఎవరైనా ముందు అడిగేది ఒకటే. "ఏ బ్రిడ్జి కట్టావు?" అక్కడ నేను ఒక్కటీ కట్టలేదు. ఎప్పుడో ఎవరో కట్టినవాటి కిందికి వెళ్లి, సుత్తితో కొట్టి చూసి, రిపోర్ట్ రాసి సంతకం పెట్టడం నా పని. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ల ముఖంలో గౌరవం ఒక మెట్టు దిగుతుంది. ఇరిగేషన్‌లో చేసి రిటైరైన మా మావయ్య అయితే దాచుకోడు కూడా. "అంటే మా లస్కర్లు చేసే పనేగా అల్లుడూ? దానికి టొరంటో దాకా ఎందుకు?" అంటాడు.

వెక్కిరింపే గానీ మావయ్య పెద్దగా తప్పు చెప్పలేదు. కృష్ణా డెల్టా కాలువ గట్ల మీద నడుస్తూ, ఎక్కడ నీరు చెమ్మగిల్లుతోంది, ఎక్కడ గట్టు జారేలా ఉంది అని కనిపెట్టుకుని ఉండేవాళ్లే లస్కర్లు. మంచి లస్కర్ కన్ను ముందు నా డిగ్రీ ఎంత? కాకపోతే అతను చూస్తాడు, పైవాళ్లకు చెబుతాడు, వాళ్లు వింటే వింటారు, లేకపోతే లేదు. టొరంటో ఉన్న ఒంటారియో రాష్ట్రంలో చూసేవాడి చేతిలోనే సంతకం ఉంటుంది. ప్రతి బ్రిడ్జినీ రెండేళ్లకోసారి లైసెన్సున్న ఇంజనీర్ ఆధ్వర్యంలో తనిఖీ చేసి తీరాలని అక్కడ రూలు. పెద్ద హైవే బ్రిడ్జి దగ్గర్నుంచి పల్లెటూరి వాగు మీది చిన్న వంతెన దాకా అన్నిటికీ అదే వరస. నేను "లారీలు ఆపండి" అని రాస్తే మున్సిపాలిటీ నాతో వాదించవచ్చు, విసుక్కోవచ్చు, ఇంకో ఇంజనీర్‌ని పిలిపించుకోవచ్చు. కాగితాన్ని పక్కన పడేయడం మాత్రం కుదరదు.

పని ఎలా ఉంటుందంటే, ఎక్కువ భాగం ఎండాకాలంలో, అదీ చాలాసార్లు రాత్రిళ్లు. టొరంటో మీదుగా పోయే 401 హైవే మీద పగలు ఒక లేన్ మూస్తే ఊరంతా తిట్టుకుంటుంది కాబట్టి అర్ధరాత్రి మూస్తారు. బకెట్ ట్రక్కులో పైకి లేచి, గర్డర్‌కి, అంటే రోడ్డును మోసే దూలానికి, చెయ్యి ఆనేంత దగ్గరగా వెళ్లాలి. చేతిలో సుత్తి, టార్చ్, పగులు వెడల్పు కొలిచే చిన్న ప్లాస్టిక్ కార్డు, సుద్దముక్క. కుండ కొనేటప్పుడు తట్టి చూస్తామే, అలాగే కాంక్రీట్‌ని తడతాం. గట్టి కాంక్రీట్ ఖంగుమంటుంది. లోపల పొర విడిపోతే డొల్ల చప్పుడు వస్తుంది. డొల్ల పలికినంత మేరా సుద్దతో గీత గీసి, కొలిచి, రాసుకోవాలి.

అక్కడ బ్రిడ్జిలకు అసలు శత్రువు ఉప్పు. చలికాలం రోడ్ల మీద మంచు గడ్డకట్టకుండా టన్నులకొద్దీ ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు ఎక్స్‌పాన్షన్ జాయింట్ల (ఎండకు, చలికి సాగి ముడుచుకునేందుకు బ్రిడ్జిలో వదిలే) సందుల్లోంచి కారి, గర్డర్ల చివర్ల మీద, వాటి కింద ఆనించే బేరింగుల మీద, పియర్ (స్తంభం) తలల మీద పడుతుంది. మెల్లగా లోపలి ఇనుముకు చేరుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి పైనున్న కాంక్రీట్‌ని నెట్టేస్తుంది. అందుకే కొత్తవాడు బ్రిడ్జి కింద నిలబడి మధ్యలోకి చూస్తాడు, పాతవాడు నేరుగా జాయింటు కిందికి నడుస్తాడు. నాకు ఆ నడక నేర్పింది మా ఆఫీసులో డెబ్బైకి దగ్గరపడిన ఒక పెద్దాయన. పదవి కోసం పాకులాడలేదు, మేనేజర్ కాలేదు, కంప్యూటర్ మోడల్ చేయమంటే కుర్రాళ్లకు ఇచ్చేస్తాడు. కానీ ఒక పగులు చూసి ఇది కాంక్రీట్ ఆరేటప్పుడు వచ్చిందా, బరువుకు వచ్చిందా, నిరుడు ఉందా లేదా అని ఆయన చెబితే ఆఫీసులో ఎవరూ మారు మాట్లాడరు. జీతం కూడా దానికి తగ్గట్టే. మన దగ్గర ఆ వయసు ఇంజనీర్ ఏం చేస్తుంటాడో ఆలోచించండి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ప్రెసిడెంట్‌గా లిఫ్ట్ రిపేరు గొడవలు చూసుకుంటుంటాడు.

అయితే కెనడా నన్ను చేతులు చాచి పిలిచిందనుకోకండి. కానూరులో సివిల్ చదివి, హైవే విస్తరణ పనుల్లో కొన్నేళ్లు ఎండలో మాడి, తర్వాత గల్ఫ్‌లో ఫ్లైఓవర్లు కట్టి అక్కడికి వెళ్లాను. గల్ఫ్‌లో వేసవి మధ్యాహ్నాలు బయట పని నిషేధం. రాత్రి పోసే కాంక్రీట్‌లో కూడా ఐసు కలిపేవాళ్లం, ట్రక్కు రాగానే థర్మామీటర్ ముంచి 32 డిగ్రీలు దాటితే వెనక్కి పంపేవాళ్లం. అంతకుముందు ఇక్కడ నేర్చుకున్నది ఇంకా గట్టిది. మన నదుల ఇసుకలో బావి పునాది దింపడం చూసినవాళ్లకు తెలుస్తుంది. గుండ్రటి కాంక్రీట్ బావి గోడ కడుతూ, లోపలి ఇసుకను తాడుకు వేలాడే గ్రాబ్‌తో తోడుతూ పోతే బావి తన బరువుకు తనే దిగుతుంది. ఒక పక్క బంకమట్టి తగిలిందా, వాలుతుంది. ఎత్తుగా ఉన్న పక్కన ఎక్కువ తోడి, ఆ పక్కనే బరువు పెట్టి దారికి తేవాలి. మా సైటులో శ్రీకాకుళం మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. నేను లెవెల్ పెట్టి చూసేలోపే గ్రాబ్ తాడు బిగువును బట్టి "సార్, తూర్పుకి వాలతంది" అనేవాడు. ప్రతిసారీ నిజమయ్యేది. రిజిస్టర్‌లో మాత్రం నా పేరే ఉండేది.

ఇదంతా పట్టుకుని టొరంటోలో దిగితే వాళ్లు అడిగింది "కెనడా అనుభవం ఎంత?" అని. ఒంటారియోలో లైసెన్స్ రావాలంటే నాలుగేళ్ల అనుభవం ఉండాలి, అప్పట్లో అందులో కనీసం 12 నెలలు కెనడాలో, అక్కడి లైసెన్స్ ఇంజనీర్ కింద చేసి ఉండాల్సి వచ్చేది. లైసెన్స్ లేదని ఉద్యోగం ఇవ్వరు, ఉద్యోగం లేక అనుభవం రాదు, అనుభవం లేక లైసెన్స్ రాదు. ఆ గిరగిరలో గల్ఫ్‌లో చీఫ్ ఇంజనీర్లుగా చేసినవాళ్లు గోడౌన్లలో డబ్బాలు సర్దడం నేను చూశాను. నాకు ఒక టెస్టింగ్ ల్యాబ్‌లో పని దొరికింది. సైటుకు వెళ్లి స్లంప్ (తడి కాంక్రీట్ ఎంత జారుతుందో) చూడటం, బలం పరీక్షకు కాంక్రీట్ నమూనా సిలిండర్లు పోయడం. ఇక్కడైతే ఆ పని నా కింద అసిస్టెంట్ చేసేవాడు. ఇంట్లో వాళ్లకు "క్వాలిటీ కంట్రోల్" అని చెప్పుకున్నాను, అబద్ధం కాదుగా. ఆ 12 నెలల నిబంధనను 2023లో ఎత్తేశారు. ఇప్పుడు వెళ్లేవాళ్లు అదృష్టవంతులు. అయితే కంపెనీల వాళ్ల బుర్రల్లోంచి ఆ ప్రశ్న ఇంకా పోలేదు.

అక్కడి ఇంజనీర్ల చిటికెన వేలికి ఒక చిన్న లోహపు ఉంగరం ఉంటుంది. పనిచేసే చేతికే పెట్టుకుంటారు. 1925లో మొదలైన ఆచారం. 1907లో కూలిన క్యూబెక్ బ్రిడ్జి ఇనుముతో మొదటి ఉంగరాలు చేశారని చాలామంది చెబుతారు, అది కట్టుకథే. కానీ ఆ బ్రిడ్జి కథ మాత్రం ప్రతి ఇంజనీరూ తెలుసుకోవాల్సింది. సెయింట్ లారెన్స్ నది మీద ప్రపంచంలోకెల్లా పొడవైన స్పాన్ (రెండు ఆధారాల మధ్య దూరం) కడుతున్నారు. పేరున్న కన్సల్టింగ్ ఇంజనీర్ థియోడర్ కూపర్. ఆరోగ్యం బాగోక న్యూయార్క్ నుంచే నడిపిస్తున్నాడు. స్పాన్ పెంచాక బరువు లెక్క సరిగా సవరించలేదు. సైటులో ఉన్న నార్మన్ మెక్‌లూర్ అనే కుర్ర ఇంజనీర్ కింది ఉక్కు దూలాలు వంగుతున్నాయని కొలిచి రాశాడు. రాసినా నమ్మకం కుదరక తనే రైలెక్కి న్యూయార్క్ వెళ్లాడు. కూపర్‌కి విషయం అర్థమై బరువు పెంచవద్దని టెలిగ్రాం ఇచ్చాడు, అదీ క్యూబెక్‌కు కాదు, పెన్సిల్వేనియాలోని కంపెనీకి. ఆ సాయంత్రమే, ఆగస్టు 29న, బ్రిడ్జి నదిలోకి కుప్పకూలింది. 75 మంది పోయారు. చూసినవాడు ఉన్నాడు, సరిగ్గా కొలిచాడు కూడా. ఆపే అధికారం ఉన్నవాడే అక్కడ లేడు.

వందేళ్ల నాటి సంగతి కదా అనుకోవడానికి లేదు. 2006 సెప్టెంబర్ 30న మాంట్రియల్ పక్కన లవాల్‌లో ఒక ఓవర్‌పాస్ కూలి ఐదుగురు చనిపోయారు. కాంక్రీట్ పెచ్చులు రోడ్డు మీద పడుతున్నాయని ఫోన్లు వస్తే, కూలడానికి సుమారు గంట ముందు ఒక గస్తీ ఉద్యోగి వచ్చాడు, పెచ్చులు తీసేసి వెళ్లిపోయాడు. అతన్ని నేను తప్పుపట్టలేను. అతనికి అప్పగించిన పని అంతే. తర్వాత విచారణలో తేలింది ఏమిటంటే, కట్టేటప్పుడు లోపలి ఇనుప కడ్డీలు ఉండాల్సిన చోట పెట్టలేదు, కాంక్రీట్ నాసిరకం, డిజైన్‌లో కూడా ఆ చోట కాంక్రీట్ తెగిపోకుండా పట్టే ఇనుము సరిపడా చూపలేదు. 1970లో తప్పుగా పెట్టిన కడ్డీ 36 ఏళ్లు ఎవరి కంటా పడకుండా ఉంది. సుత్తితో ఎంత తట్టినా అది చెప్పదు. నా పనికి ఉన్న హద్దు అక్కడ తెలుస్తుంది.

మావయ్యతో ఈ వాదన ప్రతి సెలవుల్లోనూ ఉంటుంది. 2024 సెప్టెంబర్ తర్వాత ఇంకా వేడెక్కింది. ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది, బ్యారేజీ పుట్టాక అంత వరద ఎన్నడూ లేదు. పైనుంచి కొట్టుకొచ్చిన పడవలు గుద్దుకుని 67, 69 గేట్ల కౌంటర్ వెయిట్లు (గేటు ఎత్తడానికి ఎదురుగా ఉండే బరువులు) దెబ్బతిన్నాయి. అప్పుడు ఎవర్ని పిలిచారు? కన్నయ్య నాయుడు గారిని. అంతకు కొన్ని వారాల ముందే తుంగభద్రలో 19వ గేటు కొట్టుకుపోతే, నీరు పరుగెడుతుండగానే గేటు బదులు అడ్డంగా పెట్టే స్టాప్‌లాగ్ దించించిన పెద్దాయన. ఇక్కడా ఆయనే దగ్గరుండి చేయించారు. "చూశావా, అనుభవానికి మనమూ విలువ ఇస్తాం" అంటాడు మావయ్య. ఇస్తాం, కాదనను. గేటు విరిగాక ఇస్తాం. బ్యారేజీ 1957లో పూర్తయింది, 70 గేట్లు. 1850ల నాటి పాత ఆనకట్టకు 1952లో గండి పడితేనే దాన్ని కట్టారు, అప్పుడూ విరిగాకే కదిలాం. గొలుసులు, బేరింగులు, దూలాల చివర్లు ఏటా ఒకరు చూసి, బాగాలేదని రాసి, దానికి డబ్బు విడుదల చేయించగలిగే ఉద్యోగం ఒక కెరీర్‌గా మన దగ్గర ఎంతమందికి ఉంది? కన్నయ్య నాయుడు గారి చేతి కింద పదిమంది కుర్రాళ్లను జీతమిచ్చి పెట్టాలని ఎవరికైనా తట్టిందా? ఇలా అడిగితే మావయ్య కాఫీ ఇంకా రాలేదేమని వంటింటి వైపు చూస్తాడు.

ఒక్కటి మాత్రం ఆయన గట్టిగా అంటాడు, నా దగ్గర జవాబు ఉండదు. కంకిపాడులో పుట్టిన కె.ఎల్. రావు గారు బర్మింగ్‌హామ్‌లో డాక్టరేట్ చేసి, అక్కడ పాఠాలు కూడా చెప్పి, తిరిగొచ్చి నాగార్జునసాగర్‌కి పనిచేశారు, బెజవాడ ఎంపీ అయ్యారు, కేంద్రంలో మంత్రి అయ్యారు. (ఇప్పటి పిల్లలకు కేఎల్ అంటే యూనివర్సిటీ గుర్తొస్తుంది, అది వేరే కేఎల్.) "మరి నువ్వు?" అంటాడు. ఇంటి లోను, పిల్లల చదువులు అని ఏదో గొణుగుతాను.

సివిల్ తీసుకోవాలా అని అడిగే కుర్రాళ్లు ఇప్పుడు తక్కువే, అందరూ కంప్యూటర్స్. అడిగినవాళ్లకు నేను చెప్పేది ఉపన్యాసం కాదు. బయటికి వెళ్లాలనుకుంటే ఈ రోజు నుంచే కాగితాలు దాచుకోండి. ఏ పియర్, ఏ స్పాన్, ఎంత పొడవు, మీరు చేసింది డిజైనా సైటా, ఎవరి కింద చేశారు, అన్నీ డైరీలో రాసుకోండి. లైసెన్స్ వాళ్లు 34 అంశాల్లో మీరు ఏం చేశారో ఉదాహరణలతో అడుగుతారు, ఆ పనిని చూసిన ఇంజనీర్ అవునని చెప్పాలి. పదేళ్ల తర్వాత పాత బాస్ నంబర్ కోసం వెతుక్కుంటే దొరకదు. సబ్‌కాంట్రాక్ట్ కంపెనీలైతే మూతపడి ఉంటాయి.

ఇంకొకటి, కాంక్రీట్ పోయడానికి ముందు రోజు స్టీల్‌ని తేదీతో సహా ఫొటోలు తీయండి. లవాల్‌లో లేనిది అదే. మా పిన్నత్త కొడుకు గుంటూరు వైపు ఒక బ్రిడ్జి సైటులో ఉన్నాడు, పోసే ముందు నాకు వాట్సాప్‌లో పంపుతుంటాడు. అక్కడ నాకు అర్ధరాత్రి అయినా చూస్తాను, టెన్షన్ నాకూ ఉంటుంది. మొన్న పంపినదాంట్లో పియర్ క్యాప్ (స్తంభం పైనుండే దిమ్మ) కింది కడ్డీలు షట్టరింగ్‌కి, అంటే పోత అచ్చుకి, ఆనుకుని కనిపించాయి; మధ్యలో ఎడం ఉంచే కవర్ బ్లాకులు లేవు. "కవర్ బ్లాకులు ఏవిరా?" అన్నాను.

"నేనూ అదే అడిగా బావా. కాంట్రాక్టర్ రేపు పెడతానంటున్నాడు, పోత కూడా రేపేనంట."

"నువ్వు ఆపు."

"నేను ఆపితే ఆగుద్దా?"

పొద్దున్నే కన్సల్టెంట్ ఇంజనీర్‌కి ఆ ఫొటో పెట్టి, పోత ఆపమని రాతపూర్వకంగా అడగమన్నాను. అడిగాడు. పోత రెండు రోజులు వాయిదా పడింది, కాంట్రాక్టర్ వాడితో ఇంకా మాట్లాడటం లేదట.