కోవ్‌లో ఓడ దిగిన రోజు

సౌతాంప్టన్‌లో ఎక్కే క్రూయిజ్ ఓడ ఐర్లండ్‌లోని కోవ్ అనే రేవు ఊళ్ళో ఒక పగలంతా ఆగుతుందని అమ్మాయి చెప్పగానే మావారికి వీసా టెన్షన్ పట్టుకుంది. ఐర్లండ్ షెంగెన్‌లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో) లేదు, బ్రిటన్‌లో భాగమూ కాదు. అయితే మనవాళ్ళకి ఒక వెసులుబాటు ఉంది. విజిటర్ వీసా మీద బి.ఐ.వి.ఎస్. (బ్రిటన్, ఐర్లండ్ కలిసి పెట్టిన వీసా పద్ధతి) అనే అక్షరాలుంటే, ముందు ఆ వీసా ఇచ్చిన దేశంలో దిగి, గడువు లోపల రెండో దేశానికీ వెళ్ళొచ్చు. మా బ్రిటన్ వీసాల మీద ఆ అక్షరాలున్నాయి. అయినా ఈయన కళ్ళజోడు పెట్టుకుని ఓసారి, తీసి ఓసారి చదివారు. అమ్మాయి, అల్లుడు బ్రిటిష్ పాస్‌పోర్టు తీసుకున్నారు కాబట్టి వాళ్ళకి ఆ గొడవ లేదు. బ్రిటన్‌లో వర్క్ వీసా మీద ఉన్నవాళ్ళు మాత్రం ఐర్లండ్ వీసా విడిగా తీసుకోవాలి.

తర్వాతి చర్చ టూర్ గురించి. ఓడవాళ్ళు బ్లార్నీ కోటకి బస్సు పెడతారు. ఖరీదెక్కువే గానీ, వాళ్ళ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. సొంతంగా వెళ్ళి ఆలస్యమైతే మన కళ్ళముందే వెళ్ళిపోతుంది. ఆ కోటలో ఒక రాయిని ముద్దుపెట్టుకుంటే మాటకారితనం వస్తుందట. "మీకది ఇప్పటికే ఎక్కువ" అని నేను ఆ టూర్ కొట్టేశాను. అల్లుడు మంచి ఉపాయం చెప్పాడు: దూరం ముందు, దగ్గర తర్వాత. పొద్దున్నే రైల్లో కార్క్ నగరానికి వెళ్ళొచ్చి, మిగతా పూటంతా ఓడ కనబడే చోటే తిరగాలి. తెలియని ఊళ్ళో ఓడ దిగే ఎవరికైనా నేనిదే చెప్తాను.

కోవ్‌లో పెద్ద ఓడ కూడా నేరుగా గట్టుకే ఆనుతుంది. చిన్న పడవల్లోకి దిగి వెళ్ళే పని లేదు. ఓడ కార్డు స్కాన్ చేయించుకుని నిచ్చెన దిగితే పక్కనే రైల్వే స్టేషన్. టికెట్టుకి యూరోలు కావాలి, పౌన్లు పనికిరావు. పాతిక నిమిషాల్లో కార్క్. దారిలో చాలాసేపు కిటికీ పక్కన నీళ్ళే.

కార్క్‌లో 1788 నాటి ఇంగ్లిష్ మార్కెట్ ఒక్కటే చూశాం. ఎలిజబెత్ రాణి 2011లో వచ్చిన మార్కెట్ ఇదే. మంచు మీద పరిచిన మాకరెల్ చేపలు చూసి గోదావరి జిల్లా మనిషి ఊరుకుంటారా? "అచ్చం మన కానాగంతలే" అని పక్కనున్న ఐరిష్ పెద్దాయనకి తెలుగులోనే చెప్పారు. ఆయనా తలూపాడు. బయటికొచ్చాక ఈయన ఐరిష్ విస్కీ సీసా ఒకటి కొన్నారు. ఆ సంచి రోజంతా మోసింది నేను.

మధ్యాహ్నానికల్లా కోవ్‌కి తిరిగొచ్చాం. అసలు చూడాల్సింది ఈ ఊరే అని నాకు అప్పుడు తెలిసింది. 1848 నుంచి 1950 దాకా ఐర్లండ్ వదిలి వెళ్ళినవాళ్ళు 60 లక్షలైతే, అందులో దాదాపు 25 లక్షల మంది ఈ రేవులోనే ఓడెక్కారట. పాత స్టేషన్ భవనంలో పెట్టిన హెరిటేజ్ సెంటర్‌లో ఆ కథంతా ఉంది. బయట ఆనీ మూర్ అనే అమ్మాయి విగ్రహం, పక్కన ఇద్దరు తమ్ముళ్ళు. 1892 జనవరి 1న న్యూయార్క్‌లో వలస వచ్చినవాళ్ళని నమోదు చేసే ఎల్లిస్ ఐలండ్‌లో మొట్టమొదట పేరు రాయించుకున్న వలసదారు ఆమే. అమ్మానాన్నలు ముందే వెళ్ళిపోతే, పదిహేడేళ్ళ పిల్ల తమ్ముళ్ళని వెంటబెట్టుకుని సముద్రం దాటింది. మా అమ్మాయి ఆ విగ్రహంతో ఫోటో దిగుతుంటే నేను ఎటో చూస్తూ నిలబడ్డాను.

టైటానిక్ చివరగా ఆగింది కూడా ఇక్కడే, 1912 ఏప్రిల్ 11న. అప్పుడీ ఊరి పేరు క్వీన్స్‌టౌన్. ఓడ రేవు బయటే లంగరేస్తే, ఇక్కణ్ణుంచి 123 మందిని చిన్న ఓడల్లో చేరవేశారు. ఆ చిన్న ఓడల పేర్లు ఐర్లండ్, అమెరికా. వాళ్ళు నడిచి వెళ్ళిన చెక్క వంతెనలో ఇప్పుడు నల్లబడ్డ దుంగలే మిగిలాయి. కొన్ని వంగిపోయాయి, వాటి మీద నాచు.

ఎదురుగా హాల్‌బౌలిన్ అనే దీవి కనబడుతుంది. అక్కడ ఐరిష్ నేవీ స్థావరం ఉంది. 1985 జూన్ 23న మన ఎయిరిండియా కనిష్క విమానం ఈ తీరానికి దూరంగా సముద్రం మీద బాంబుతో పేలి 329 మంది పోయినప్పుడు, శవాలని వెలికితీసిన ఓడల్లో ఈ నేవీ ఓడ ఐష్లింగ్ కూడా ఉంది. ఆ వార్త పేపర్లో చదివిన రోజు ఈయనకి గుర్తుంది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

సెయింట్ కోల్మన్ చర్చికి ఎక్కే రోడ్డు మోకాళ్ళకి పరీక్షే. 1868లో మొదలుపెట్టిన ఆ చర్చి పూర్తవడానికి దాదాపు యాభై ఏళ్ళు పట్టిందంటే ఆ ఎత్తు చూశాక ఆశ్చర్యం వేయలేదు. గోపురంలో 49 గంటలున్నాయి. మేం మెట్ల మీద ఆయాసం తీర్చుకుంటుంటే అవి మోగాయి.

గడువుకి గంట ముందే ఓడ దగ్గరికి చేరాం. సంచీలన్నీ స్కానింగ్ మెషిన్‌లో పెట్టమన్నారు. విస్కీ సీసా వాళ్ళ దగ్గరే ఉంచుకుని, సౌతాంప్టన్‌లో దిగేముందు ఇస్తామని చీటీ రాసిచ్చారు. ఈయన ఆ చీటీ చొక్కా జేబులో పెట్టుకుని, గదికి చేరేలోపు రెండుసార్లు తడిమి చూసుకున్నారు.