పెద్దయ్యాక పియానో: మొదటి పన్నెండు వారాల సాధన చిట్టా

రోజుకు 25 నిమిషాలు, వారానికి ఆరు రోజులు. ఆదివారం ఒక్కసారే రెండున్నర గంటలు కూర్చుంటే ఇదే లెక్క తేలుతుంది గానీ, వేళ్లు మాత్రం సోమవారానికి మళ్లీ మొదటికొస్తాయి.

వాయిద్యం, కుర్చీ. 61 మెట్ల (కీల) కీబోర్డుతో మొదలుపెట్టొచ్చు. కొనేముందు ఒకే మెట్టును మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి నొక్కి చూడండి. రెండుసార్లూ ఒకేలా పలికితే అది వద్దు, ఎంత చవకైనా సరే. మోచేయి తెల్ల మెట్ల ఎత్తులోనో, వేలెడు పైనో ఉండాలి. కుర్చీ కిందికి ఉంటే మణికట్టు వంగిపోయి పది నిమిషాలకే ముంజేయి లాగుతుంది. చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ అసలు పనికిరాదు, మోచేతులు తగులుకుంటాయి. గోళ్లు కత్తిరించండి, లేకపోతే టకటకమనే చప్పుడే ముందు వినిపిస్తుంది.

1, 2 వారాలు. పియానో స్వరాల పేర్లు ఇంగ్లిషు అక్షరాలే, ఎడమ నుంచి కుడికి సి, డి, ఈ, ఎఫ్, జి, ఏ, బి, మళ్లీ సి. వాటిలో మధ్య సి, అంటే వాయిద్యం నడుమ పడే సి, ఎక్కడుందో చూడకుండా చెప్పగలగాలి. 61 మెట్ల కీబోర్డు మీద ఎడమ నుంచి మూడో సి, 88 మెట్ల పియానో మీద నాలుగో సి. రెండేసి నల్ల మెట్ల గుంపుకు ఎడమ పక్కనున్న తెల్ల మెట్టు ఎక్కడైనా సి యే. బొటనవేలు 1, చిటికెన వేలు 5, రెండు చేతులకూ ఇదే లెక్క. సి నుంచి జి వరకు ఐదు మెట్ల మీద ఐదు వేళ్లు, ఒక్కో చేయి విడిగా. నాలుగో వేలు మొండికేస్తుంది. అందరికీ అంతే.

3, 4, 5 వారాలు. అసలు చిక్కు ఇక్కడే. సి మేజర్ స్కేలులో (సి నుంచి పై సి దాకా వరుసగా తెల్ల మెట్లు) ఎనిమిది స్వరాలు, చేతికి ఐదే వేళ్లు. కుడిచేత్తో పైకి వెళ్తూ 1-2-3, తర్వాత బొటనవేలు మధ్యవేలి కిందుగా ఎఫ్ మీదికి దూరి 1-2-3-4-5. కొత్తవాళ్లు మూడో వేలు ‘ఈ’ మీద నొక్కేదాకా బొటనవేలిని కదపరు. ఆఖరి క్షణంలో మోచేయి ఎత్తి తోస్తారు, ఎఫ్ దబ్బున మోగుతుంది. రెండో వేలు డి మీద పడగానే బొటనవేలు అరచేతి కిందికి బయల్దేరాలి. మూడో వేలు ‘ఈ’ని నొక్కేసరికి అది ఎఫ్ మీద వాలి కాచుకుని ఉండాలి. స్కేలు మొత్తం వద్దు, ఈ-ఎఫ్-ఈ-ఎఫ్ మాత్రమే 3-1-3-1 వేళ్లతో పదిసార్లు వాయించండి, మోచేయి కదలకుండా. మెట్రోనోమ్ (తాళం కొట్టే పరికరం) 60, అంటే నిమిషానికి 60 దెబ్బలు, దెబ్బకొక స్వరం. వరుసగా మూడుసార్లు తప్పు లేకుండా వస్తేనే 64కి వెళ్లాలి.

చిన్నప్పుడు సరళీ స్వరాలు నేర్చినవాళ్లకు ఇక్కడో వెసులుబాటు ఉంది. ఒకటో శ్రుతిలో, అంటే సి ని షడ్జమం (స) చేసుకుని, సరళీ స్వరాల రాగమైన మాయామాళవగౌళ వాయిస్తే రి, ద రెండే నల్ల మెట్ల మీద పడతాయి. వేళ్ల వరుస అదే 1-2-3-1-2-3-4-5. స్వరం నోటికి వచ్చి ఉంటుంది కాబట్టి ధ్యాసంతా బొటనవేలి మీదే పెట్టొచ్చు. గమకాలు (స్వరాన్ని ఊపి పలికించడం) పియానోలో పలకవు, ఆ ఆశ పెట్టుకోవద్దు.

6, 7, 8 వారాలు. రెండు చేతులూ కలపడం. చాలామంది రెండింటినీ ఒకే దిక్కుకు నడిపించి తలపట్టుకుంటారు. కారణం ఉంది. పైకి వెళ్లేటప్పుడు కుడి బొటనవేలు నాలుగో స్వరానికి దూరుతుంది, ఎడమ చేతి మూడో వేలు బొటనవేలి మీదుగా ఆరో స్వరానికి దాటుతుంది. ముందు ఎదురు దిక్కుల్లో వాయించండి: రెండు బొటనవేళ్లూ మధ్య సి మీద, కుడిచేయి కుడికి, ఎడమచేయి ఎడమకు. అప్పుడు రెండు చేతుల్లోనూ ఒకే వేలు ఒకేసారి పడుతుంది. అది 60లో నిలబడ్డాక ఒకే దిక్కుకు, 44 నుంచి.

9, 10 వారాలు. ఎడమ చేతికి మూడు కార్డులు (ఒకేసారి మోగించే స్వరాల గుంపులు): సి-ఈ-జి (5-3-1), సి-ఎఫ్-ఏ (5-2-1), బి-ఎఫ్-జి (5-2-1). మొదటి రెండింటిలో చిటికెన వేలు కదలదు, మూడోదానికి ఒక్క మెట్టు ఎడమకు జరుగుతుంది. చేయి గెంతదు కాబట్టి కళ్లు నొటేషన్ (రాసిన స్వరాల) మీదే ఉంచొచ్చు. ఎడమచేయి పాటను మింగేస్తుంటే, కుడిచేత్తో వాయిస్తూ ఎడమ వేళ్లను మెట్ల మీద శబ్దం రాకుండా ఆనించి తీయండి, తర్వాత కొద్దికొద్దిగా నొక్కండి.

11వ వారం. పెడల్, అంటే ధ్వనిని సాగదీసే కాలి మీట. కార్డుతో పాటు కాదు, కార్డు మోగిన వెంటనే తొక్కాలి. తర్వాతి కార్డు మోగే క్షణంలో ఎత్తి, మళ్లీ తొక్కాలి. కార్డు, కాలు ఒకేసారి పడితే పాత స్వరాలు కొత్తవాటిలో కలిసి బురదగా వినిపిస్తాయి. కాలు తీసినప్పుడే ధ్వని సాగుతోందా? పెడల్ పాడైందని కంగారు పడొద్దు. చాలా కీబోర్డులు స్విచ్ వేసిన క్షణంలోనే పెడల్ స్థితిని పసిగడతాయి. ఆపేసి, పెడల్ తగిలించి, కాలు పెట్టకుండా మళ్లీ ఆన్ చేయండి.

12వ వారం. ఎనిమిది బార్ల (నొటేషన్‌లో నిలువు గీతల మధ్య ఉండే భాగాల) చిన్న ముక్క, రెండు చేతులతో, 66 వేగంలో. ఐదో బార్‌లో తప్పితే మొదటికి పోవద్దు, నాలుగో బార్ చివరి దెబ్బ నుంచి ఎత్తుకోండి. ప్రతిసారీ మొదటి నుంచి వాయిస్తే మొదటి నాలుగు బార్లు నలభైసార్లు నలుగుతాయి, ఐదోది మాత్రం అలాగే ఉంటుంది.