మూడో రోజు స్లైడు

నా పని రక్తం స్లైడ్లు చూడడం. జ్వరంతో వచ్చినవాళ్ల మొహాలు నాకు తెలియవు, వాళ్ల వేలి కొసన తీసిన చుక్కే తెలుసు. జీమ్సా రంగు పట్టాక, మలేరియా తెచ్చే ఫాల్సిపారం అనే పారసైట్ లేతగా ఉన్నప్పుడు చిన్న ఉంగరంలా కనిపిస్తుంది. నీలం వలయం, దాని మీద పొదిగినట్టు ఎర్ర రాయి. ఇన్నేళ్లు చూసినా ముచ్చటగానే ఉంటుంది, పాపిష్టిది.

మందపాటి పూతలో 200 తెల్లకణాలు లెక్కపెట్టేలోపు ఎన్ని ఉంగరాలు తగిలితే ఆ అంకెని 40తో హెచ్చవేస్తాం. మైక్రోలీటరు రక్తంలో ఉజ్జాయింపుగా అన్ని ఉన్నట్టు.

కొత్తగా చేరిన కుర్రాళ్లు "మందుకి లొంగనిది ఎలా ఉంటుందో చూపించండి" అంటారు. ఏం చూపించను? లొంగేదీ లొంగనిదీ అచ్చం ఒకేలా ఉంటాయి. మందు మొదలుపెట్టి 72 గంటలు గడిచాక తీసిన స్లైడులోనే అనుమానం పుడుతుంది. మలేరియా మందు ఆర్టిమిసినిన్ వేసుకుంటే అప్పటికి చాలామందిలో స్లైడు శుభ్రపడిపోతుంది. ఇంకా ఉంగరాలుంటే ఆలోచించాలి. అలాగని తొందరపడకూడదు. మొదట్లో లెక్క మరీ ఎక్కువున్నా, మాత్ర కక్కేసుకున్నా ఇలాగే అవుతుంది. తేల్చాలంటే పారసైట్‌లోని కెల్చ్13 అనే జన్యువులో మార్పుందేమో చూడాలి.

ఆ మార్పున్న ఉంగరం హిమోగ్లోబిన్ తినడం తగ్గిస్తుంది. మందుని రగిలించేది హిమోగ్లోబిన్ అరిగినప్పుడు వెలువడే హీమ్. తిండి తగ్గితే మందు కూడా చల్లబడుతుంది. పైగా ఆర్టిమిసినిన్ రక్తంలో ఉండేది కొన్ని గంటలే. తలుపేసుకుని కూర్చుని వాన వెలిశాక బయటికొచ్చినట్టు, ఇదీ లేస్తుంది. అందుకే ఎక్కువ కాలం నిలిచే జోడీ మందు కలిపి ఇస్తారు. జోడీ కూడా విఫలమైతేనే అసలు గండం. కంబోడియాలో పిపెరాక్విన్ అనే జోడీ మందు విషయంలో జరిగింది అదే. ఈ మొండితనం మొదట బయటపడిందీ ఆ దేశపు పశ్చిమాన, పైలిన్ దగ్గరే. తర్వాత రువాండాలో దానంతటదే పుట్టింది.

క్లోరోక్విన్ అనే పాత మలేరియా మందు కథ వేరు. అక్కడ పారసైట్ మందుని తన జీర్ణసంచిలోంచి బయటికి తోసేస్తుంది. 1993లో మలావి ఆ మందు వాడకం మానేసింది. 2005లో పిల్లలకి ఇచ్చి చూస్తే దాదాపు అందరికీ మళ్లీ పనిచేసింది! తోసే మార్పున్నవి, మందు లేని చోట మామూలువాటితో పోటీ పడలేక వెనకబడ్డాయి.

నెగెటివ్ అని రాయాలంటే కనీసం 100 ఫీల్డులు, అంటే మైక్రోస్కోపులో ఒక్కోసారి కనిపించేంత మేర వందసార్లు, చూడాలి. ఇవాళ నా ముందున్నది ఒక మూడో రోజు స్లైడు. అరవై దాకా ఏమీ లేదు. 61వ ఫీల్డులో ఒక ఉంగరం. మాత్రలు కక్కుకున్నారేమో కనుక్కోమని వార్డుకి ఫోన్ చేశాను.