తెల్ల బూట్లు, కొమెల్ బురద

పారిస్‌లో ఆరు రోజులున్నాం. ఐఫిల్ టవర్ సంగతి అడక్కండి, మబ్బుల్లో సగమే కనిపించింది. నేను చెప్పేది నాలుగో రోజు గురించి, 'ఫన్నీ ఫేస్' సినిమా తీసిన చోటు వెతుక్కుంటూ పోయిన రోజు.

ఆ సినిమా చూడనివాళ్లకి రెండు ముక్కలు. 1957 నాటిది. న్యూయార్క్‌లో పుస్తకాల షాపు అమ్మాయిని ఫ్యాషన్ పత్రికవాళ్లు పారిస్ పట్టుకెళ్లి మోడల్‌ని చేస్తారు. ఫొటోలు తీసేవాడి మీద మనసు పడుతుంది. షూటింగ్ నాటికి హీరోయిన్ ఆడ్రీ హెప్‌బర్న్‌కి 27, హీరో ఫ్రెడ్ ఆస్టైర్‌కి 57. ఇలాంటి జోడీలు మన తెలుగు హీరోలకే చెల్లుతాయనుకునేదాన్ని.

డిజైనర్ జివాన్షీ కుట్టిన ఎర్ర గౌనులో ఆమె మెట్లు దిగివచ్చే చోటు, రెక్కల దేవత విగ్రహం ముందు, లూవ్ర్ మ్యూజియంలో ముందురోజే చూశాం. చూశామంటే, ఫోన్లెత్తిన చేతుల సందుల్లోంచి. ఒక్క మెట్టు మీద ఆగితే చాలు, వెనకనుంచి మోచెయ్యి. అంత టికెట్టు పెట్టి తోపులాటా!

అందుకే జనం లేని చోటికి పోదామన్నాను. పెళ్లి గౌనులో ఆమె ఆస్టైర్‌తో పచ్చికలో నాట్యం చేసే చోటు, షాంటీయీ అడవిలో కొమెల్ చెరువుల దగ్గర.

"అక్కా, పారిస్ వచ్చి చెరువు చూస్తావా? మన ఊళ్లో లేవా?" అంది చెల్లి. అక్కడే చదువుకుంటోంది, దానికి అన్నీ విసుగే.

గార్ దు నార్ స్టేషన్లో రెండు కాఫీలకి తొమ్మిది యూరోలు వదిలాయి. డి లైను రైలెక్కి ఓరీ లా విల్‌లో దిగాం. అక్కణ్నుంచి అడవిలో నడకే. రాత్రంతా వాన. నా కాళ్లకి ఈ ప్రయాణం కోసమే కొన్న తెల్ల బూట్లు. పది నిమిషాలకి ఎడమది మడమ దాకా దిగింది. కుక్కతో ఎదురొచ్చిన ఒక పెద్దావిడ తన మోకాళ్లెత్తు రబ్బరు బూట్లనీ నా కాళ్లనీ మార్చి మార్చి చూసి ఏదో అంది.

"ఏమంటోందే?"

"పాపం అంటోంది."

ఆవిడ నిజంగా అలా అందో లేదో!

చెరువు పక్కనున్న రెన్ బ్లాంష్ కోట పేరుకే కోట. నాలుగు బుల్లి బురుజులు, మా ఊరి కరణంగారి మేడంత. లోపలికి పోనివ్వరు. వెనక ఎత్తయిన రైలు వంతెన. కానీ ఆ నీళ్లు, నీళ్లలో ఆ బురుజుల నీడ... అచ్చం సినిమాలోలాగే. ఇద్దరం చాలాసేపు మాట్లాడలేదు.

షూటింగప్పుడు కూడా వానలేనట. పచ్చికంతా చిత్తడి, ఆమె తెల్ల చెప్పులు పాడైపోయేవట. ఆస్టైర్‌తో నాట్యం కోసం ఇరవై ఏళ్లు ఎదురుచూస్తే చివరికి దక్కింది బురదా అని జోక్ వేసిందంటారు. తెరమీద ఒక్క మరక కనిపించదు. హాస్టల్లో ఎన్నిసార్లు చూశానో, ఒక్కసారీ అనుమానం రాలేదు.

తిరుగుదారిలో బూట్లు విప్పి చేత్తో పట్టుకున్నాను. కోనసీమలో నాట్లప్పుడు చేలగట్ల మీద పరుగెత్తిన కాళ్లివి, వేళ్లు వాటంతటవే పట్టు దొరకబుచ్చుకున్నాయి. చలికి మాత్రం జివ్వుమన్నాయి. "పరువు తీస్తున్నావక్కా" అంటూనే చెల్లి జారి నా భుజం పట్టుకుంది, స్టేషను దాకా వదల్లేదు.

ప్లాట్‌ఫాం మీద కాళ్లు కడుక్కున్నాను. మూడు యూరోల నీళ్ల సీసా, తాగడానికి గుక్కెడు కూడా మిగల్లేదు.